చలిలో చ, చిలకలో చ

నా చిన్నప్పుడు, దర్శి పక్క ఊళ్లో ఏడో తరగతి చదువుతుండగా, ఒక్క ఇంగ్లీషు మాట నన్ను బడి మాన్పించబోయింది. పాఠం పైకి చదువుతూ నైఫ్‌ను ‘కనిఫే’ అన్నాను. ముందున్న కె పలకకూడదని నాకెవరూ చెప్పలేదు. క్లాసంతా నవ్వింది. సాయంత్రానికి అదే నా పేరైపోయింది. మర్నాడు కడుపునొప్పి అన్నాను. ఆపైన అమ్మ వెంట మిరపకాయ కోతకు పోవడం మొదలుపెట్టాను. పనిలో చేదోడు దొరికిందని కాబోలు, వారం తిరిగేసరికి అమ్మ కూడా బడి మాట ఎత్తడం మానేసింది.

పక్కింటి అక్క ఇదంతా గమనించింది. ఆమె ఒంగోలులో డిగ్రీ చదివి వచ్చి, ఇంట్లోనే బట్టలు కుట్టేది. వాళ్ల మేడ మీది గదిలో, ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు మేనేజరు గారు అద్దెకుండేవారు. సాయంత్రాలు అక్క దగ్గర తెలుగు నేర్చుకునేవారు. ఒకరోజు అక్క నన్ను పిలిచి, ఆయన చేత చదివించమని రెండో తరగతి వాచకం చేతిలో పెట్టింది.

ఆయన చిలక, చెట్టు చక్కగానే చదివారు. చలిని మాత్రం ‘చ్యలి’ అన్నారు. చాపను ‘చ్యాప’ అన్నారు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే సరిగ్గా పలికి వినిపించాను. ఆయన నొచ్చుకోకుండా చలి, చిలక అన్న రెండు మాటల మీదా వేలు పెట్టి చూపించారు.

“అక్షరం ఒకటే. పలకడం రెండు. ఎందుకు?”

లోలోపల చలి, చిలక అనుకుని చూసుకున్నాను. నిజమే. మాటలు వచ్చినప్పటి నుంచీ అలాగే పలుకుతున్నాను, ఒక్కసారీ గమనించలేదు. అక్క వైపు చూశాను. ఆమె మిషన్ ఆపింది.

“నాకూ తెలీదు. మనం విని విని నోటికొచ్చింది, అంతే. ఆయన వినలేదు కాబట్టి తప్పు చదివారు. అందులో తెలివితక్కువతనం ఏముందే?”

నా సంగతి ఆమె ఎత్తనేలేదు. అయినా నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాలుక పళ్ల వెనక ఆనించమని ఆయనకు చూపించాను. చాలాసార్లు తప్పి, చివరికి చలి అన్నారు. బదులుగా, నేనడిగితే, నాకు పలకని అక్షరాలున్న ఇంగ్లీషు మాటలు చదివి వినిపించారు. సోమవారం బడికెళ్లాను. ఐలాండ్‌ను ‘ఇస్లాండ్’ అని మళ్లీ నవ్వులపాలయ్యాను. ఈసారి మధ్యలో ఆపి కూర్చోలేదు. ఎలా పలకాలో మాస్టారిని అడిగి, అలాగే చదివి, పాఠం ముగించాను.

తర్వాత చీమకుర్తిలో పంతులమ్మనయ్యాను. గ్రానైట్ పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన వాళ్ల పిల్లలు తెలుగు తప్పు చదివేవారు. ముందు నేను మెల్లగా పలికి వినిపించి, తర్వాతే వాళ్లను చదవమనేదాన్ని. ఇవాళ్టికీ ఎవరి నోటైనా మాట తప్పితే, ఈ మాట వీళ్లకు ఇంతకుముందు ఎవరైనా వినిపించారా అనే నాకు ముందుగా తోస్తుంది.