మంత్రాల బీరువాలో ఊరగాయ

డెబ్భైల్లో, తిరుత్తణిలో నా దగ్గర మూడు వందల మంత్రశాస్త్ర గ్రంథాలుండేవి. ఆవడి నుంచి అరక్కోణం దాకా పాత కాగితాల కొట్లన్నీ గాలించి కూడబెట్టాను. మా వీధివాళ్లు మాట్లాడేది తెలుగే అయినా చదివేది అరవం. అందుకే నా తెలుగు పుస్తకాల బీరువా అంటే వాళ్లకు హడల్.

ఒకరోజు మగ్గం నేసే మునెయ్య కొత్తకోడలిని వెంటబెట్టుకొచ్చాడు.

"పుత్తూరి నుంచి వచ్చి నెలయినాదన్నా. నవ్వదు, తినదు. ఎవురో ఏమో చేసినారు. మంత్రం చదువు."

లావుపాటి పుస్తకం తెరిచి గంభీరంగా గొణిగాను. ఆ పిల్ల అట్ట చూసి పకపకా నవ్వింది. అది ఊరగాయల పుస్తకం. పుత్తూరు ఆంధ్రాలోది కదా, ఆమెకు తెలుగు చదవడం వచ్చు!

"నవ్వినాదన్నా! మంత్రం పారినాది!" మునెయ్య చేతులు జోడించాడు.

ఆమె నా గుట్టు విప్పలేదు. "మిగతా మంత్రాలు గూడా చదువుకుంటా, ఇస్తారా మామా?" అంది.

ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: పుస్తకాలు నలభయ్యే, మంత్రాలవి నాలుగే. ఆ నాలుగూ తప్ప అన్నీ ఆమె చదివేసింది.