మాస్టారి కబురుకి నలభై ఆరు ఆమేన్‌లు

చోడవరంలో మా చర్చి వాట్సాప్ గ్రూపు నడిపేది ఏసుదానం మాస్టారు. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. మందిరం సంగతి ఏదైనా సరే బైబిలు భాషలోనే రాయాలన్నది ఆయన పట్టుదల. వనభోజనాలకి ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకోమనడానికి కూడా ‘ప్రియులారా’ అని మొదలుపెట్టి పదిహేను వరుసలు రాసేవారు. వెనకాల నవ్వుకునేవాళ్లం. ఎదుట మాత్రం, “ఎంత బాగా రాసేరు మాస్టారూ!” అనేవాళ్లం. ఆ పొగడ్తలో నాకూ వాటా ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను.

నిరుడు అనకాపల్లి నుంచి కంటి డాక్టరు ఒకాయన మా చర్చికి వచ్చి ఉచితంగా చూస్తానన్నాడు. మాస్టారు ఆ కబురు గ్రూపులో పెట్టారు. “చీకటిలో తడవులాడుచున్న ప్రియులారా, మీ కన్నులకు వెలుగు అనుగ్రహింపబడు దినము సమీపించియున్నది...” అంటూ సాగింది. డాక్టరు, తేదీ, టైము అన్నీ అడుగున ఉన్నాయి. ‘ఇంకా చదవండి’ అన్నచోట నొక్కితే తప్ప కనబడవు. రోజూ పొద్దున్న వచ్చే వాక్యమే అనుకుని నలభై ఆరుగురం ‘ఆమేన్’ పెట్టేశాం. మాస్టారేమో అందరూ వస్తామంటున్నారని మురిసిపోయి నలభై ఆరు కుర్చీలు వేయించారు. నలుగురు వచ్చారు.

మా వీధిలో బట్టలు కుట్టే స్వర్ణకుమారి రాలేదు. అప్పటికే ఆమెకి ఎడమకన్ను మసక. చత్వారమే అనుకుంది. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ కంటికి ఏమీ కనబడకుండా పోయింది. విశాఖపట్నం తీసుకెళ్తే నీటికాసులు, అంటే గ్లాకోమా అన్నారు. నరం ఎండిపోయింది, పోయిన చూపు రాదన్నారు. ముందే చుక్కలు వేసి ఉంటే నిలిచేదట.

సంగతి విని మాస్టారు ఆమె ఇంటికి పరిగెత్తారు. నేనూ వెళ్లాను.

“డాక్టరు వస్తన్నారని గ్రూపులో పెట్టేను కదమ్మా, చూడలేదా?” అన్నారు.

“మా అమ్మాయి జూడీ సదివింది మాస్టారూ. వాక్యం ఎంత బాగుందో అనీసి, ఆమేన్ పెట్టీయే అన్నాను.”

మాస్టారు మిషను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. ఆయన ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. నేను కూడా చదవకుండానే ఆమేన్ పెట్టానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చదివి ఉంటే, నాలుగిళ్ల అవతలున్న మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని కదా!

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు మాస్టారు ఏం రాసినా ముందు స్వర్ణకుమారికి చదివి వినిపిస్తారు. ఆమె తెలియలేదన్న మాటనల్లా కొట్టేస్తారు. తనకి బాగా ఇష్టమైన మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారు, అంతే. మొన్న ఆ డాక్టరు మళ్లీ వస్తానన్నాడు. మాస్టారు చదివారు: “ఆదివారం కంటి డాక్టరు చర్చికి వస్తారు. పది గంటలకి రండి. డబ్బులు అక్కర్లేదు.”

స్వర్ణకుమారి కుట్టడం ఆపి, తల తిప్పి కుడికంటితో ఆయన్ని చూసింది.

“ఇంతేనా మాస్టారూ?”

“ఇంతేనమ్మా.”

“అప్పుడే ఇలాగ రాసీసుంటే బాగుణ్ను.”

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.