పేరులేని విస్తరి

ఈ ఏడు పెత్రమాస నాడు, సూరత్ సలాబత్‌పురాలో మా తెలుగువాళ్లంతా పోయిన పెద్దలకు బియ్యమిచ్చుకునే చోట, వరుసగా పరిచిన విస్తళ్లలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి ఒక్కొక్కరి పేరూ చెబుతూ వస్తుంటే, కొత్తగా వచ్చిన అయ్యగారు చివరి విస్తరి దగ్గర ఆగి పేరేమిటని అడిగారు. తెలియదన్నాను. ఆడా మగా అంటే అదీ తెలియదన్నాను. పాపం, ఆయనకు నా మతి మీదే అనుమానం వచ్చినట్టుంది. నా ఈడువాళ్లు మాత్రం ముసిముసిగా నవ్వుకున్నారు, వాళ్లకు ఆ కథ తెలుసు.

అప్పటికి నాకు నలభై దాటలేదు. మగ్గాల పనికి వచ్చిన మా ఆయన వెంట సూరత్ చేరి, ఇంట్లోనే చీరలకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేదాన్ని. ఒక వానాకాలం తడి మెట్ల మీద జారిపడితే మోకాలి కీలులో ఎముక చివర, దానిమీది మెత్తటి పొరతో సహా, ఒక ముక్క పగిలిపోయింది. కూర్చుంటే లేవలేను, లేస్తే నడవలేను. ఆ పొర తనంతట తాను పెరగదనీ, కీలంతా మార్చడానికి నాది చిన్న వయసనీ, చనిపోయాక దానమిచ్చినవారి మోకాలి నుంచి సరిపోయే ముక్క దొరికితే ఆ గుంటలో అమర్చవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. ఎదురుచూడగా చూడగా ఒకనాడు పిలుపు వచ్చింది. ఎవరిదని అడిగితే చెప్పకూడదన్నారు. బల్ల మీద పడుకున్నాక నా భయం కంటే, ఆ రోజు ఏ ఇంట్లో ఏడుస్తున్నారో అన్న దిగులే ఎక్కువైంది.

మా అత్తమ్మకు ఇది మింగుడు పడలేదు. మా వైపు దహనం అయ్యాక ఏరిన ఎముకలను ఇంట్లోకి తేరు, నీళ్లలో కలిపేదాకా బయట చెట్టుకు కట్టి ఉంచుతారు. మరి కోడలు ఏకంగా ఒంట్లోనే పెట్టుకొని వస్తే ఆమె మాత్రం ఏం చేస్తుంది? నేను చంక కర్రల మీద ఇంటికి చేరేసరికి గడప ఇవతల, గదులన్నిటి ముందూ సాగే గ్యాలరీలో మంచం వేసి ఉంది.

"చచ్చినోళ్ల బొక్క ఇంట్లకు తేరాదు బిడ్డా, ఏమనుకోకు," అంది కళ్లనిండా నీళ్లతో.

మా ఆయన చుట్టుపక్కల గదులన్నీ వినేలా అరిచాడు. నాకూ ఒళ్లు మండింది. కానీ ఆ మంచం పక్కనే ఆమె తన చాప కూడా పరుచుకొని ఉండటం చూశాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు. నన్ను లోపలికి రానివ్వని మనిషి నాతోపాటు తానూ బయటే ఉండిపోయింది, జల్లు కొడితే తన కొంగు నా మీద కప్పింది.

మా ఆయన ఆమెకు మగ్గం మాటల్లో నచ్చజెప్పబోయాడు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ముడేశాక అంతా ఒకే గుడ్డగా సాగిపోదా, మన ఎముక కూడా దాంట్లోకి అలాగే అల్లుకుంటుందన్నాడు. ఆమె తన చాప దులిపి మళ్లీ నా మంచం పక్కనే పరుచుకుంది. కుట్లు విప్పిన మర్నాడు పొద్దున, నా కాలు తడిగుడ్డతో తుడుస్తూ తుడుస్తూ మోకాలి మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉండిపోయింది.

"వెచ్చగున్నది," అంది మెల్లగా. "చచ్చినోళ్లది గిట్ల వెచ్చగుంటదా! దీనికి పానమున్నది. లోపటికి నడువు బిడ్డా."

నడుం చుట్టూ చెయ్యి వేసి తానే నన్ను గడప దాటించింది. అంతటితో ఆగలేదు, ఆ పెత్రమాసకు ఒక విస్తరి ఎక్కువ పెట్టి, మా కోడలికి కాలిచ్చినోళ్లకని అందరూ వినేలా చెప్పింది.

ఇప్పుడు మా అబ్బాయి ఫ్లాటుకు మెట్లన్నీ ఎక్కే వెళ్తాను. దానమిచ్చిన ఎముక అంటే ఈ కాలం పిల్లలకు వింతేమీ కాదు, మంచిదే. ఆ ఫ్లాటుకు గడప కూడా లేదు, నున్నటి రాతి పట్టీ ఉంది, అంతే. అయ్యగారికి, కాలిచ్చినోళ్లకన్న అత్తమ్మ మాటే చెప్పి, ఆ విస్తరి పక్కన ఆమె పేరుతో ఇంకొకటి పెట్టాను. కాలు చక్కగా నడుస్తోంది. నన్ను గడప దగ్గర ఆపి, ఆ చేత్తోనే లోపలికి తీసుకుపోయిన మనిషే లేదు.