ఎర్తు కడ్డీకి పోసిన నీళ్ళు

మా ఆయనకు మైకుసెట్టు ఉండేది. నరసరావుపేటలో ఉండి, చుట్టుపక్కల ఊళ్ళలో దేవుడి కూటాలకు కట్టేవాళ్ళం. మొదట్లో బ్యాటరీ మీద నడిచే పెట్టె. సాగరు ఆనకట్ట కడుతున్న రోజుల్లో ఊళ్ళలోకి కరెంటు రావడం మొదలైంది. అప్పుడు కరెంటు పెట్టె తెచ్చాడు. నాకు చదువు రాదు, ఇది కూడా నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పెట్టె మీద అంకెలు నాకు తెలియవని మూడు నాబుల చుట్టూ ఆయన మేకుతో గీతలు గీశాడు. ఒక నాబు శబ్దానికి, ఒకటి కీచుకు, ఒకటి బేసుకు, అంటే బొంగురు మోతకు.

గుంజలెక్కి హారన్లు కట్టడం, వైర్లు లాగడం ఆయన పని. కూటం మొదలయ్యాక నాబుల దగ్గర నేనే కూర్చునేదాన్ని. ప్రసంగం చెప్పే అయ్యగార్లు ఒక తీరున మాట్లాడరు. సిలువ దగ్గరికి వచ్చేసరికి గొంతు గుసగుసలోకి దిగుతుంది, నరకం దగ్గరికి వచ్చేసరికి పందిరి ఎగిరిపోతుంది. ఆ గుసగుస చివర కూర్చున్న ముసలమ్మకు వినపడాలి. ఆ అరుపుకు హారన్ లోపలి పలచటి రేకు చినగకూడదు. నేను నాబు వైపు చూసేదాన్ని కాదు, అయ్యగారి భుజాలు చూసేదాన్ని. అరిచే ముందు ఎవరికైనా భుజాలు లేస్తాయి. అవి లేచీ లేవకముందే వెంట్రుకవాసి తగ్గించాలి. గొంతు దిగాక మెల్లగా పెంచాలి. గబుక్కున తిప్పితే జనానికి తెలిసిపోతుంది. అక్కడ ఒక చెయ్యి ఉందని ఎవరికీ తెలియకపోవడమే ఆ పనితనం. పాటలప్పుడు బేసుతో ఇంకో తంటా. డోలక్కు ఎడమవైపు దెబ్బ పడితే హారన్ గరగరలాడేది. బేసు రెండో గీతకు దించి, డోలక్కాయనను కాస్త వెనక్కి జరగమనేదాన్ని.

కరెంటు పెట్టె వచ్చాక ఇంకో పని నా నెత్తిన పడింది. పెట్టె నుంచి ఒక తీగ తీసి, ఇనుపకడ్డీకి చుట్టి, భూమిలో దిగగొట్టాలి. అది ఎర్తు. మా పల్నాటిలో జానెడు తవ్వితే నాపరాయి తగులుతుంది, కడ్డీ దిగదు. దిగినమేరకైనా మట్టి తడిగా ఉండాలి, లేకపోతే పెట్టె ఇనుములోకి, మైకు తీగ వెంట దాని కాడలోకి చేరిన కరెంటు పోయే దారి లేక అక్కడే కాచుకుని ఉంటుందని మెకానిక్కు సాయిబు నాకే చెప్పాడు. అందుకని గంటకోసారి బిందెడు నీళ్ళు పోసేదాన్ని. మట్టి ఆరితే పెట్టె తనే చెప్పేది. పాటల కింద, మాటల కింద గుమ్మని ఒక మోత మొదలయ్యేది. అది వినగానే బిందె ఎత్తుకునేదాన్ని. నీళ్ళు పోస్తే పోయేది.

ఒక ఎండాకాలం రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో మూడు రోజుల కూటాలు. బావి అడుగంటింది, తాగేనీళ్ళే బండి మీద వస్తున్నాయి. రెండో రోజు పొద్దున ఎర్తుకు నీళ్ళడిగితే సంఘపెద్ద నవ్వాడు. "ఇనపముక్కకు గూడా దాహమయిద్దా అమ్మా?" అన్నాడు. పది గంటలకల్లా మోత మొదలైంది. మా ఆయనను పిలిచి చెప్పాను. ఆయన వచ్చి బేసు నాబును అడుగుదాకా తిప్పేశాడు. మోత వినపడలేదు.

"ఇంకేడుందే?"

"ఉంది. నువ్వు దాని నోరు మూశావు, అంతే."

నీవి కుక్క చెవులే అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ప్రసంగం మధ్యలో అయ్యగారు మైకు నిలబెట్టిన ఇనుపకాడ మీది చెయ్యి చటుక్కున తీసేశారు. అరచెయ్యి చూసుకున్నారు. మళ్ళీ పట్టుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆత్మ దిగింది, నా చేతిలో అగ్ని పాకుతోంది అన్నారు. అబద్ధమాడే మనిషి కాదు, నిజంగానే నమ్మారు. ముందు వరుసలో ముసలమ్మ లేచి వెళ్ళి ఆ ఇనుపకాడ ముట్టుకుంది. "చెయ్యంతా జిల్లుమంది తల్లో, మోచేతి దాకా" అంది. ఇక జనం బారు కట్టారు. ఉత్త కాళ్ళు, చెమట చేతులు. ముట్టుకున్నవాళ్ళు ఏడుస్తున్నారు, పాడుతున్నారు. నేనూ నమ్మినదాన్నే, ఇది ఆత్మ కాదని నా నోటితో ఎలా అనను? కానీ పాట ఆగిన సందుల్లో, బేసు అంత అడుగున ఉన్నా, ఆ మోత నాకు వినపడుతోంది. పెరుగుతోంది. పెట్టె మూలకు వేలి వెనకభాగం ఆనించాను. కొరికింది.

మా ఆయన కోసం చూశాను. ఆయన బారులో ఉన్నాడు. నిండుచూలాలు ఒకమ్మాయి వెనకాల, చేతులు జోడించుకుని.

బల్ల మీద అయ్యగారి కోసం తాగే నీళ్ళ కుండ ఉంది. ఎత్తుకెళ్ళి కడ్డీ మొదట్లో గుమ్మరించాను. మట్టి బుసబుసమంటూ తాగేసింది. ఆ చూలాలు కాడ పట్టుకుంది, ఏమీ లేదు. మళ్ళీ పట్టుకుని చూసింది. ఆ తర్వాత మా ఆయన పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి నా చేతిలో కుండ చూశాడు. అందరూ చూశారు.

"దేవుడి మీద నీళ్ళు పోసిందమ్మా ఈమె" అని ఆ ముసలమ్మే అంది.

అయ్యగారు ఖాళీ కుండ నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లించారు.

ఇంటికొచ్చే బండిలో మా ఆయన ఎద్దుల వైపే చూస్తూ కూర్చున్నాడు. "నా వంతు వచ్చిందాకా ఆగలేకపోయావా?" అన్నాడు.

"నీ వంతు రాగూడదనే పోశా."

మరుసటి నెల మాచవరం పక్కన కూటాలు. అదే అయ్యగారు. సెట్టు కావాలి, ఆడమనిషి రావద్దని కబురొచ్చింది. మా ఆయన సరేనన్నాడు. బండికెత్తే ముందు పెట్టె చూశాను, బేసు అడుగునే ఉంది. రెండో గీతకు పైకి తెచ్చిపెట్టాను, మోత వస్తే వినపడాలని. నీళ్ళ సంగతి మూడుసార్లు చెప్పాను. పోస్తాలేవే అన్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం బండి తిరిగొచ్చింది. మూడో రోజు కదా రావాల్సింది అనుకుంటూ గడపలోకి వచ్చాను. ఆయన మీద గోనెపట్టా కప్పి ఉంది. వెంట వచ్చిన ఆ ఊరి సంఘపెద్ద తల దించుకునే చెప్పాడు. ఆ పొద్దున కూటం మొదలుకాకముందే, ఎవరూ ముట్టుకోకముందే, ఇనుపకాడ తనే ముందు పట్టుకుంటానని వెళ్ళాడట.

అందరూ ఆయనను దించుతుంటే నేను పెట్టె దగ్గరికి వెళ్ళాను. బేసు నాబు మళ్ళీ అడుగున ఉంది. పక్కనే కడ్డీ. తీసి చూశాను. ఎక్కడా తడిమట్టి అంటలేదు. తెల్లటి రాతిపొడి, చెయ్యి తగిలితే రాలిపోయింది.