బూడిదరంగు జంటకి ఎర్ర పిల్లలు

ఉలుకమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. గరిటె కిందపడితే ఉలిక్కిపడే మనిషి. తలుపు చప్పుడైతే గుండె పట్టుకునే మనిషి. అలాంటిది పోయి పోయి పాముల్ని పెంచి అమ్మే ఆయన దగ్గర పనికి కుదిరింది. కుదరక ఏం చేస్తుంది? పనితోపాటు మేడమీద గది ఇచ్చారు. తనూ, కాళ్లు సరిగా ఆడని అత్తగారూ ఆ గదిలో చేరి మూడేళ్లయింది.

వాటిని కార్న్ స్నేక్‌లంటారు. విషం లేదు. ఎర్రెర్రగా ముచ్చటగా ఉంటాయని కొనేవాళ్లు మురిసిపోతారు. ఉలుకమ్మకి మాత్రం పామంటే పామే. రోజూ పొద్దున్నే ఒక్కో పెట్టె లాగి, తల ఎటుందో వెతుక్కుని, ముందు గొంతు చూసి, ఊపిరి బిగబట్టి నడుము దగ్గర పట్టుకుని, మూతున్న బకెట్లో వేసి, పెట్టె కడిగి, మళ్లీ దాన్ని లోపల పెట్టేది. ఒక బకెట్లో ఒక్క పామే ఉండాలన్నది సారు పెట్టిన షరతు. అంతకుముందు పనిచేసినాయన రెండిటిని ఒకే బకెట్లో వేశాడని ఆ సాయంత్రమే పంపించేశారు.

ఆ పొద్దున గుడ్లు పొదిగే వెచ్చని పెట్టెలోకి తొంగిచూసింది ఉలుకమ్మ. పన్నెండు గుడ్లు. ఒకదానికి సన్నగా కోత పడి, అందులోంచి చిన్న ముక్కు బయటికొచ్చింది. ముక్కు వెనకాల ఇటుకరంగు మచ్చ.

ఆ గుడ్ల తల్లి బూడిదరంగుది, తండ్రీ బూడిదరంగుదే. "ఈ జంటకి ఎర్రది ఒక్కటి కూడా పుట్టదు, రాసిస్తా" అని సారు అందరితో చెప్పుకున్నారు. బూడిద పిల్లలు కావాలని మనుషులు ముందే చెప్పిపెట్టుకున్నారు కూడా.

పైగా ఆమె కడుపులో ఒక రహస్యం ఉంది. చలికాలం చివర్లో ఒకరోజు ఎర్ర మగపాముని చేత్తో పట్టుకుని ఉండగా వీధి గంట మోగింది. ఉలిక్కిపడి దగ్గరున్న బకెట్ మూత ఎత్తి, చేతిలోదాన్ని చూడకుండా అందులో పడేసి పరుగెత్తింది. పార్సిలు తీసుకుని తిరిగొచ్చి చూస్తే అందులో అంతకుముందే తను వేసిన బూడిదరంగు పాము ఉంది. విడదీసింది, ఎవరికీ చెప్పలేదు. ఆ నిమిషం గుర్తొస్తేనే వణుకొచ్చి, మళ్లీ ఎప్పుడూ దాన్ని తలుచుకోలేదు.

మెట్లెక్కి గదిలోకొచ్చి అత్తగారి మంచం పక్కన కూలబడింది.

"పిల్లలు ఎర్రగా పుడుతున్నాయి అత్తయ్యా."

"పుట్టనీ. నువ్వు కన్నావా?"

"తల్లీ తండ్రీ బూడిద. నావల్లే జరిగింది. మన గది పోతుంది."

అత్తగారు బకెట్ సంగతంతా విని కాళ్లు నిమురుకుంది. "పిల్లల రంగు చూసి ఆడదాన్ని అనుమానించడం పాముల్లో కూడా ఉందన్నమాట. పోయి ఆయనతో చెప్పు. ఆయనే కనిపెడితే దొంగవవుతావు, నువ్వే చెబితే తెలివితక్కువదానివవుతావు. రెండోది మనకి అలవాటేగా."

మధ్యాహ్నానికి సారు వచ్చేసరికి ఏడు కోతలు, ఏడు ముక్కులు. అన్నీ ఎరుపే. ఆయన మొహం గోడలా అయిపోయింది.

"దీని దగ్గరికి వేరే మగది ఎలా వెళ్లింది?"

ఉలుకమ్మ చీర కొంగు మెలిపెడుతూ గంట సంగతీ, బకెట్ సంగతీ చెప్పింది. అప్పుడే మెట్లమీద చప్పుడు. అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

"మొదట్నించీ వరసగా చెప్పు," అన్నారు సారు. "ముందు బకెట్లో వేసిందేంటి?"

"బూడిదది తీశాను సారూ. తల వెతికాను. గొంతు చూశాను. గొంతు కింద పసుపు గీత. పట్టుకుని బకెట్లో..."

"పసుపా?"

"అవును సారూ. ఆ రెండిట్లో ఒకదానికి గొంతు పసుపు, ఇంకోదానికి శుభ్రంగా తెలుపు. భయంకొద్దీ రోజూ అక్కడే చూస్తాను కదా."

సారు టార్చి తీసి రెండు పెట్టెలూ లాగారు. మగదాని గొంతు కింద పసుపు. ఆడదానికి చుక్కైనా లేదు. అంటే ఆరోజు బకెట్లో ఉన్నది మగదే. రెండు మగపాములు ఒకదాన్నొకటి చూసుకుని ఊరుకున్నాయి, అంతే. కానీ ఆయన టార్చి ఆర్పలేదు. రెండు గొంతుల్నీ మార్చి మార్చి చూసి, ఆడపాముని అమ్మినతనికి ఫోన్ చేశారు.

"మీ బూడిదదీ నా బూడిదదీ ఒకే రకం కాదా?... మరి చెప్పలేదేం?... నేను అడగలేదా."

ఫోన్ పెట్టేసి స్టూలుమీద కూర్చుండిపోయారు. రెండు పెట్టెలమీదా 'బూడిద' అని తన చేత్తోనే రాసుకున్నారు మరి.

"వీటి అసలు రంగు ఎరుపే, అది పోవడానికి రెండు దారులున్నాయి," అన్నారు నెమ్మదిగా. "మగదానికి ఒక లోపం, ఆడదానికి వేరే లోపం. ఏ లోపమైనా తల్లినుంచీ తండ్రినుంచీ కూడా అందితేనే పైకి కనబడుతుంది. ఈ పిల్లలకి ఒక్కోటి ఒక్కవైపునుంచే అందింది. అందుకని రెండూ లోపల దాక్కున్నాయి."

"ఒకరి దగ్గర అగ్గిపెట్టె ఉంది, పుల్లల్లేవు," అంది అత్తగారు చివరి మెట్టుమీంచి. "ఇంకొకరి దగ్గర పుల్లలున్నాయి, పెట్టె లేదు. కలిస్తే వెలిగింది."

"అంతేనమ్మా. రేపు వీటిలో వీటిని జతకడితే మళ్లీ బూడిదవి కూడా పుడతాయి."

ఉలుకమ్మకి అగ్గిపెట్టే ఎక్కలేదు, పుల్లలూ ఎక్కలేదు.

"గది సారూ..." అంది.

"గదికేమైంది?"

"ఏమీ కాలేదా?"

"బకెట్ విషయం ఆరోజే చెప్పాల్సింది," అన్నారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు. "పెట్టెలమీద ఇకనుంచి నువ్వే రాయి. నువ్వు చూసింది చూసినట్టు."

మగదాని పెట్టెమీద 'గొంతు పసుపు' అని రాసింది. వణుకుకి అక్షరాలు పాముల్లా వంకర్లు పోయాయి. అప్పటికే మొదటి గుడ్డులోంచి పిల్ల పూర్తిగా బయటికొచ్చి చుట్ట చుట్టుకుంది. దాన్ని తీసి వేరే పెట్టెలో పెట్టాలి. ఉలుకమ్మ చెయ్యి చాపి, మధ్యలో ఆపి, తల ఎటుందో వెతుక్కుంది.