నోటీసులో అక్క పేరు

బాపు పోయిన మూడో నెలలో నాకు కోర్టు నోటీసు వచ్చింది. బాపు బ్యాంకు డిపాజిట్ గురించిన కాగితమది. అందులో పిటిషనర్ మా అక్క, ప్రతివాదిని నేను. సొంత అక్కే నా మీద కేసు వేసిందని ఆమె ఫోన్లు ఎత్తడం మానేశాను. నేనూ ఒక వకీలును పెట్టుకుందామని మోత్కూర్‌లో నల్లగొండ బస్సెక్కాను.

పక్క సీట్లో, భుజాన గొంగడితో ఒక పెద్దాయన.

"ఏం కాయితం బిడ్డా, గన్నిసార్లు సదువుతున్నవ్?"

చెప్పాను. ఆయన నవ్వలేదు.

"గిది కొట్లాట కాదు. వారసుల పత్రం కావాల్నంటే ఒక్కరు అర్జీ పెట్టాలె. మిగిలినోళ్లను ఎదుటోళ్ల కింద రాస్తరు. మా నాయిన పోయినప్పుడు నేను అర్జీ పెడితే, మా అమ్మను గట్లనే రాసిండ్రు. ఆమెకు కండ్లు కనపడకపోయేది. నేనే చెయ్యి పట్టుకొని కోర్టు మెట్లెక్కిచ్చిన."

ఆయనే మళ్లీ అడిగాడు. "మీ అక్క ఏమన్నది?"

నేను ఫోన్ తీసి, ఎత్తకుండా వదిలేసిన అక్క కాల్స్ చూశాను. ఆయన నా చేతిలోని ఫోన్ వైపు ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

అక్క మొదటి రింగుకే ఎత్తింది.

"నోటీసు జూసి ఫికర్ జేస్తవనే గన్నిసార్లు ఫోన్ చేసిన తమ్మీ" అంది.