తోలు మూతకు అంటిన ఎంగిలి

గాబ్రియేలు పొద్దున లేచి గంజి తాగకముందే ఒక ఇత్తడి వాల్వుకు నోరు ఆనించేవాడు. అది యాభై నాలుగో సంవత్సరం. తుంగభద్ర మీద ఒక ఆనకట్టకు నీళ్ల అడుగున ఉన్న తలుపులు మరమ్మతు చేస్తున్నారు. నీళ్లలో దిగే మనిషి తలకు ఇత్తడి టోపీ బిగించేవారు. ఒడ్డున ఇద్దరు చక్రం తిప్పితే పంపులోని గాలి రబ్బరు గొట్టం గుండా ఆ టోపీలోకి పోయేది. గొట్టం వచ్చి టోపీని కలిసే చోట ఈ వాల్వు, అందులో రూపాయి బిళ్లంత తోలు మూత. గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. గొట్టం పైన ఎక్కడైనా తెగిందంటే, టోపీలో గాలి నిలిచేది ఆ మూత వల్లనే. మూత సరిగా పడకపోతే గాలి ఒక్కసారిగా వెనక్కి పోతుంది, చుట్టూ ఉన్న నీటి బరువు మనిషిని నలిపేస్తుంది. పైకి లాగేంత వ్యవధి కూడా ఉండదు.

అందుకని గాబ్రియేలు గొట్టం తగిలించే వైపు పెదవులు ఆనించి గట్టిగా పీల్చేవాడు. బుగ్గలు లోపలికి పోయి, చుక్క గాలి కూడా రాకపోతే అతని ముఖం వెలిగేది. గంజి ఆ తర్వాతే.

అతనిది బద్వేలు పక్క పల్లె. తండ్రి కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. ఆ బానలు తోడిన నీళ్లతో పండిన గింజలు తినడానికి ఏ ఊళ్లోనూ ఎవరికీ అభ్యంతరం రాలేదు. గాబ్రియేలు మిషను బడిలో ఐదు దాకా చదివి, మద్రాసు రేవులో ఎనిమిదేళ్లు పంపుల పని నేర్చి వచ్చాడు. చక్రం తిప్పేవాళ్ల అరిచేతులు బొబ్బలెక్కుతాయని పిడులకు గోనె చుట్టి పెట్టేవాడు. పంపు దగ్గర ఎవరైనా బీడీ ముట్టిస్తే, లోపలున్న ఆయప్పకు అలవాటు లేదప్పా, గాలి వాలుకు పోయి తాగండి అని బతిమాలేవాడు.

ఆ లోపలి ఆయప్ప ఓబుళరెడ్డి. కోయిలకుంట్ల వైపు నలభై ఎకరాల ఇంటి బిడ్డ. యుద్ధకాలంలో తండ్రి మాట వినకుండా నేవీలో చేరి మునగడం నేర్చుకున్నాడు. దిగబోయే ముందు రోజూ ఒకే మాట అడిగేవాడు, "చూస్తివా?" అని. "చూస్తి రెడ్డీ" అంటే ఇక వెనుదిరిగి చూసేవాడు కాదు.

మాఘమాసంలో కోడలు పురిటికి పోవడంతో, కొడుక్కు వండిపెట్టడానికి తల్లి వెంకటలక్ష్మమ్మ వచ్చింది. దయగల తల్లి. మధ్యాహ్నం పంపు దగ్గరివాళ్లందరికీ కరివేపాకు నలిపిన మజ్జిగ తెచ్చేది. గాబ్రియేలుకు మూరెడు ఎత్తు నుంచి, ఒక్క చుక్క పక్కకు పోకుండా దోసిట్లో పోసి, ఇంకొంచెం తాగప్పా అనేది. మూడో రోజు పొద్దున ఆమె కాస్త ముందుగా వచ్చి, అతను వాల్వు పీలుస్తుండగా చూసింది.

"ఓబుళా, నువ్వు పీల్చే గాలి వాని నోరు తగిలి వస్తాండాదా?"

ఓబుళరెడ్డి తోలు మూత సంగతి చాలాసేపు వివరించాడు. ఓడలో పదిమందితో కలిసి ఒకే గిన్నెలో తిన్న సంగతి మాత్రం చెప్పలేకపోయాడు. ఊదేది లేదమ్మా, పీల్చేదే, నా ఊపిరి దాంట్లోకి పోదు అని గాబ్రియేలు దూరం నుంచి మనవి చేసుకున్నాడు. పీల్చినా నోరు నోరే కదప్పా అని ఆమె కోపం లేకుండానే చెప్పింది. వాల్వుకు రబ్బరు గొట్టం ముక్క తగిలించి పీల్చవచ్చునని ఒకరన్నారు. ఎంగిలి రబ్బరులో ఎంత దూరం నడుస్తుందో పొద్దెక్కేదాకా చర్చించారు. బారెడు దాటితే నడవదని మేస్త్రీ పుల్లన్న తీర్పు చెప్పాడు. గోదాములో బారెడు ముక్క లేదు.

ఇక మీదట గాబ్రియేలు వాల్వును చెవి దగ్గర ఆడించి, మూత టప్పుమంటే చాలనుకోవాలని నిర్ణయమైంది. వెంకటలక్ష్మమ్మ అహోబిలం నరసింహస్వామిని తలచుకుని, రోజూ దాన్ని పసుపు నీళ్లలో కడిగి ఇచ్చేది. ఆమె భక్తిలో లోపమేమీ లేదు.

"చూస్తివా?"

"వింటి రెడ్డీ."

ఓబుళరెడ్డి నదివైపు చూస్తూ దిగేవాడు.

అలా నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు ఆరు నిలువుల లోతున పని. గొట్టానికి అప్పటికే రెండు చోట్ల గుడ్డ చుట్టి ఉంది, కొత్తది మద్రాసు నుంచి రాలేదు. గాబ్రియేలు వాల్వు ఆడించాడు, టప్పుమంది. కానీ మూత అంచున పసుపు గీత కనిపించింది. అతను వాల్వు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఇంజనీరు వచ్చే వేళైందని పుల్లన్న తొందరపెట్టాడు. చివరికి, బిగిస్తే బిగించు, లేదంటే ఇంకొకనికిచ్చి బద్వేలు దారి పట్టమన్నాడు. సీసపు జోళ్లు తొడుక్కుని కదలలేక బల్ల మీద కూర్చున్న ఓబుళరెడ్డి నదివైపు చూశాడు.

"పోతాలేన్నా," అన్నాడు గాబ్రియేలు. "ఇది చూడకుండా మాత్రం నా చేత్తో బిగించను."

లేచి, పసుపు చెంబుతో నిలబడి ఉన్న వెంకటలక్ష్మమ్మ ముందు బండ మీద వాల్వు పెట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చాడు.

"నేను నోరు పెట్టనమ్మా. మీరు పెట్టండి. తల్లి ఎంగిలి బిడ్డకు తప్పుగాదు గదా."

ఆమె వాల్వును చూసింది, బల్ల మీది కొడుకును చూసింది. నోట్లోని వక్కాకు పక్కకు ఉమ్మి, కొంగుతో పెదవులు తుడుచుకుని వాల్వు అందుకుంది. అటువైపు కాదమ్మా, గొట్టం వైపు, మామిడిపండు జుర్రినట్లు జుర్రండి అని గాబ్రియేలు దూరం నుంచే నేర్పాడు. ఆమె పీల్చింది. బుగ్గలు లోపలికి పోలేదు. నోటినిండా గాలి వచ్చింది, గాలితోపాటు పసుపు నీళ్లు నాలుకకు తగిలాయి.

"వస్తాండాది గాబ్రేలూ," అంది.

"రాకూడదమ్మా."

ఆమె వాల్వును మళ్లీ బండ మీద పెట్టి, చెంబులోని పసుపు నీళ్లు పక్కకు పారబోసింది. పుల్లన్న టైము మాట ఎత్తలేదు. గాబ్రియేలు వాల్వు విప్పి చూస్తే, మూత కింద దారమంత పసుపు గట్టిపడి ఉంది, తడిసి ఎండిన తోలు ఒక పక్క ముడుచుకుని ఉంది. కొత్త తోలు కత్తిరించి, నూనె రాసి అమర్చి, మళ్లీ బండ మీద పెట్టాడు. ఈసారి ఆమె బుగ్గలు పూర్తిగా లోపలికి పోయి, కళ్లు పెద్దవై, ఊపిరాడక వాల్వును నోటినుంచి లాగేసుకుంది.

"రాలేదప్పా, రాలేదు," అని రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

ఓబుళరెడ్డి దిగాడు. రెండు గంటలకు పైకి వచ్చి, ఆకలిగా ఉందన్నాడు. ఆ మధ్యాహ్నం కూడా మజ్జిగ మూరెడు ఎత్తు నుంచే పడింది, కాకపోతే రెండు చెంబులు.

దోసిలి తుడుచుకుని గాబ్రియేలు పోకుండా నిలబడ్డాడు. ఏం కావాలప్పా అని ఆమె అడిగింది. అడగవచ్చునో లేదో అన్నట్లు తల గోక్కున్నాడు.

"రేపట్నుంచి పొద్దున్నే మీరే వచ్చి చూడాలమ్మా. అయితే వక్కాకు వేసుకోకముందే రాండి, నోరు బాగా పుక్కిలించుకోని. సున్నం తగిలితే తోలు చెడిపోతాది."